పోటీ పరీక్షల ప్రత్యేకం: పుత్తూరు నుంచి ది హేగ్ దాకా

జిహాదీ ఉగ్రవాదం అనగానే అంగళ్లు, మదనపల్లె, కుప్పం అభ్యర్థులు పారిస్, మాడ్రిడ్ తేదీలు బట్టీ పడుతున్నారు. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో జరిగినదాన్ని వదిలేస్తున్నారు. ముందు అది చదవండి.

2013 అక్టోబరు 5, పుత్తూరు. తమిళనాడు హత్య కేసుల్లో పోలీసులు వెతుకుతున్న ఇద్దరు అనుమానిత ఉగ్రవాదులు ఒక ఇంట్లో దాక్కున్నారు. లోపలికి వెళ్లిన తమిళనాడు ఇన్‌స్పెక్టర్ తీవ్రంగా గాయపడ్డారు. ఇంట్లో ఓ మహిళ, పిల్లలు కూడా ఉన్నారు. అందుకే పోలీసులు తొందరపడలేదు. రాష్ట్ర పోలీసుల ఉగ్రవాద నిరోధక దళమైన ఆక్టోపస్ కమాండోలు వచ్చారు. గంటల తరబడి ముట్టడి తర్వాత ఇద్దరూ ప్రాణాలతో దొరికారు. ప్రాణాలతో పట్టుకుంటే దర్యాప్తు ముందుకు సాగడం తేలికవుతుంది.

2025లో ఉమ్మడి చిత్తూరు జిల్లాకు పొరుగునున్న రాయచోటిలో తమిళనాడు పోలీసులు మరో ఇద్దరిని అరెస్టు చేశారు. వాళ్లు దాదాపు 30 ఏళ్లుగా పరారీలో ఉన్న నిందితులు.

వ్యవస్థల సంగతికొస్తే, ఆక్టోపస్ ఏర్పడింది 2007లో. ముంబయి దాడుల తర్వాత 2008 చట్టంతో జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్‌ఐఏ) వచ్చింది. 2013 దిల్‌సుఖ్‌నగర్ జంట పేలుళ్ల కేసును ఎన్‌ఐఏ దర్యాప్తు చేసింది. ప్రత్యేక కోర్టు 2016లో ఐదుగురికి ఉరిశిక్ష వేయగా, తెలంగాణ హైకోర్టు 2025 ఏప్రిల్‌లో ఖరారు చేసింది.

యూరప్‌దీ ఇదే వరస, దాడి తర్వాతే వ్యవస్థ. 2004 మాడ్రిడ్ రైలు పేలుళ్లయ్యాక యూరోపియన్ యూనియన్ (ఈయూ) ఉగ్రవాద నిరోధక సమన్వయకర్త పదవి పుట్టింది. 2015 నవంబరు 13న పారిస్ దాడుల్లో 130 మంది చనిపోయారు. 2016 జనవరిలో ది హేగ్‌లోని ఈయూ పోలీసు సంస్థ యూరోపోల్‌లో ఉగ్రవాద నిరోధక కేంద్రం మొదలైంది. అదే ఏడాది విమాన ప్రయాణికుల వివరాల సేకరణపై ఈయూ ఆదేశం వెలువడింది.