కాట్నిస్ అంటే అంత ఇష్టమెందుకు?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ మొదటి ఏడాది. 'హంగర్ గేమ్స్' నవలలు మళ్ళీ మళ్ళీ చదువుతోంది. పిల్లలే పిల్లల్ని చంపుకునే కథ అంతగా నచ్చడం మామూలేనా?

జవాబు: మామూలేనండీ, కంగారు పడకండి. వీలైతే మీరూ మొదటి భాగం చదవండి. సుజాన్ కాలిన్స్ 2008లో తెచ్చిన ఈ నవలలో నన్ను కదిలించేది పోటీ కాదు, దాని వెనకున్న లెక్క. పన్నెండేళ్ళు వస్తే ప్రతి పిల్ల పేరూ ఆ పోటీకి పంపేవాళ్ళని ఎంచే లాటరీలో పడుతుంది. తిండి చాలని ఇంటికి కాస్త ధాన్యం, నూనె ఇస్తారు. బదులుగా ఆ పేరు ఇంకోసారి వేస్తారు. అలా తల్లినీ చెల్లినీ సాకే పదహారేళ్ళ కాట్నిస్ పేరు 20 సార్లు ఉంటుంది, చెల్లి ప్రిమ్‌ది ఒక్కసారే. అయినా చీటీ ప్రిమ్‌కే వస్తుంది. అక్క తానే ముందుకొస్తుంది. ఆకలిని ఉచ్చుగా వాడే పాలన గురించి ఇంత సూటిగా చెప్పిన పిల్లల పుస్తకాలు తక్కువ.

పైగా కాట్నిస్ వేటాడుతుంది, ఇల్లు నడుపుతుంది, కెమెరాల ముందు తియ్యగా నవ్వమంటే అవస్థ పడుతుంది. 'నెమ్మదిగా మాట్లాడు, చక్కగా నవ్వు' అని వినీ వినీ విసిగిన వయసుకు ఆమె ఎంత దగ్గరిదో చూడండి.

మూడో భాగం 'మాకింగ్‌జే' మాత్రం బరువైనది. గెలిచినా మనసు తేలిగ్గా కోలుకోదని దాచకుండా చెబుతుంది. అది చదివేటప్పుడు పక్కన ఉండి మాట్లాడండి.

తర్వాత మీ అమ్మాయి 'డైవర్జెంట్' నవల అడుగుతుంది, ఇవ్వండి. నాకైతే అంత బలంగా అనిపించలేదు. ఆక్టేవియా బట్లర్ 'పారబుల్ ఆఫ్ ది సోవర్' (1993) గొప్ప నవల. నాయిక టీనేజీ పిల్లే అయినా పెద్దల కోసం రాసింది, ఇంకో రెండేళ్ళు ఆగి ఇవ్వండి.