విద్యాధరులు – కిష్కింధ

ఒక్కొక్క ద్వీపపు జనులకు ఒక్కొక్క అద్భుతశక్తి యుండు లోకములను నేటి పిల్లలు సినిమాలలో చూచి ఆనందించుచున్నారు. అట్టి లోకము మన పురాణములలోనే కలదని వారికి చెప్పువారు తక్కువ. చోరనూరు వైపువారము హంపికి పోయి, ఇరుగప్ప దండనాథుడు 1385–86లో కట్టించిన కుంథునాథ జినాలయమును (జనులు గాణిగిత్తి గుడి యందురు) దర్శించి వత్తుము. అచ్చట నది కావల ఆనెగొంది వైపు చూపి, కిష్కింధ, కోతుల రాజ్యము అని పిల్లలకు చెప్పుదుము. మన గ్రంథములు అట్లు చెప్పవు.

భరతక్షేత్రము నడుమ విజయార్ధమను వెండికొండ కలదు. ఎత్తు 25 యోజనములు. దానిపై దక్షిణశ్రేణిలో 50, ఉత్తరశ్రేణిలో 60 నగరములు. ఋషభదేవుడు దీక్ష వహించిన పిమ్మట నమి, వినమి యను ఇరువురు వచ్చి రాజ్యభాగము నడుగగా, ధరణేంద్రుడు వారికి ఈ శ్రేణులను, విద్యలను ఇచ్చెను. ఆ వంశములవారే విద్యాధరులు. ఆకాశగమనము, కోరిన రూపము దాల్చుట మున్నగు విద్యలు వారికి జపతపములచే సిద్ధించును.

రాక్షసద్వీపమున నిలిచిన విద్యాధరులు రాక్షసవంశీయులు. వానరద్వీపమున నిలిచి, ధ్వజముపై కోతి గురుతు నుంచుకొన్నవారు వానరవంశీయులు. విమలసూరి ప్రాకృతమున వ్రాసిన పఉమచరియము, రవిషేణుని సంస్కృత పద్మపురాణము ఇట్లే చెప్పుచున్నవి. తోకలు లేవు, మనుష్యులే. రావణుని పది తలలలో ఒక్కటే నిజమైనది, తక్కిన తొమ్మిదియు హారమణులలో తోచిన ప్రతిబింబములే.

అట్టి శక్తులు మనకేల లేవని పిల్లవాడు అడిగినచో ఈ రెండు కథలు చెప్పుడు.

సాహసగతి యను విద్యాధరుడు తారను కోరి, సుగ్రీవుని రూపముతో కిష్కింధ జొచ్చెను. అసలు ఎవరో, నకిలీ ఎవరో మంత్రులకు సైతము తెలియలేదు. (వర్తకులమైన మనకు ఈ చిక్కు క్రొత్త కాదు.) రాముడు వింటితో ఎదుట నిలువగానే ఆ విద్య సాహసగతిని విడిచి పారిపోయెను. అతడు నిజరూపముతో మడిసెను.

రెండవది వాలి కథ. మన పురాణమున వాలిని రాముడు చంపలేదు. తనకు మ్రొక్కుమని రావణుడు వర్తమాన మంపగా, జినునికి తప్ప తల వంచనని వాలి పలికెను. గెలువగల బలమున్నను జీవహింసకు రోసి, రాజ్యము సుగ్రీవునకిచ్చి ముని యయ్యెను. పిదప వాలి తపస్సు చేయు కైలాసముపై రావణుని విమానము ఆగిపోయెను. రావణుడు కోపించి, విద్యలనన్నిటిని తలచి కొండనే పెకలించెను. భరతచక్రవర్తి కట్టించిన జినాలయములు కూలునని, ప్రాణులు నశించునని వాలి కాలి బొటనవ్రేలు మోపెను. రావణుడు క్రింద నలిగి అరచెను. ఆ అరపు వలననే అతనికి రావణుడను పేరు.

అంతమాత్రమునకే వాలి గురువు చెంత ప్రాయశ్చిత్తము గైకొని, పిమ్మట మోక్షము పొందెను.