కారవాన్‌లో కరెంటు మొరాయిస్తే: లోపం ఇంజన్‌దా, ఆల్టర్నేటర్‌దా?

సినిమా షూటింగుల పుణ్యమా అని తెలుగువారికి కారవాన్ అనే మాట కొత్తది కాదు. ఇప్పుడు అది పర్యాటకుల బండిగా కూడా మారుతోంది. కేరళ ప్రభుత్వం 2021లో కారవాన్ పర్యాటక విధానాన్నే ప్రకటించింది. అమెరికాలో మోటార్‌హోమ్ అని పిలిచే ఈ బండిలో పడక, వంటిల్లు, స్నానాల గది, ఏసీ అన్నీ ఉంటాయి. వీటికి కావలసిన 230 ఓల్టుల కరెంటును బండిని నడిపే ఇంజన్ ఇవ్వదు. అందుకోసం బండి అడుగున గానీ పక్క అరలో గానీ వేరే చిన్న జనరేటర్‌ను బిగిస్తారు. ఊరికి దూరంగా బండి ఆపినప్పుడు అదే ఆధారం. అది మొరాయిస్తే ఏం చూడాలి, ఏ క్రమంలో చూడాలి అన్నది తెలియాలంటే ముందు దాని పనితీరు తెలియాలి.

జనరేటర్ నిజానికి రెండు యంత్రాల జత. ఒకటి పెట్రోల్, డీజిల్ లేదా ఎల్పీజీతో నడిచే ఇంజన్, రెండోది ఆ ఇంజన్ తిప్పే ఆల్టర్నేటర్. ఆల్టర్నేటర్‌లో అయస్కాంతంలా పనిచేసే రోటర్ తిరుగుతుంటే చుట్టూ ఉన్న తీగచుట్టల్లో విద్యుత్తు పుడుతుంది. రెండు ధ్రువాల రోటర్ నిమిషానికి 3000 సార్లు తిరిగితే 50 హెర్ట్జ్, 3600 సార్లు తిరిగితే 60 హెర్ట్జ్ వస్తుంది. మన దేశంలో వాడేది 50, అమెరికాలో 60. అంటే హెర్ట్జ్ అంకె ఇంజన్ వేగాన్ని నేరుగా చెబుతుంది. ఓల్టేజీ మాత్రం వేగంతో పాటు రోటర్‌లోని అయస్కాంత బలం మీద కూడా ఆధారపడుతుంది.

లోపం వెతకడానికి అసలు తాళంచెవి ఇక్కడే ఉంది. ఓల్టులు, హెర్ట్జ్ రెండూ చూపే మల్టీమీటర్ ఒకటి దగ్గరుంటే సగం పని అయినట్టే. లోడు లేనప్పుడు మీటరు 52 హెర్ట్జ్, 235 ఓల్టులు చూపిందనుకుందాం. ఏసీ వేయగానే హెర్ట్జ్ 50కి వచ్చి అక్కడే నిలిస్తే ఇంజన్ బాగున్నట్టే. లోడు పెరిగినప్పుడు గవర్నర్ ఆ మాత్రం వేగం తగ్గనివ్వడం సహజం. అదే 45కి పడిపోయి, ఇంజన్ మూలుగుతుంటే లోపం ఇంజన్ వైపు ఉంది. మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్, మురికి పట్టిన కార్బురేటర్, ఇంధనం సరిగా అందకపోవడం వంటివి కారణం కావచ్చు. అలా కాక హెర్ట్జ్ 50 దగ్గర నిలకడగా ఉండి ఓల్టేజీ మాత్రం 180కి జారితే ఇంజన్ జోలికి వెళ్లనక్కర్లేదు. లోపం ఆల్టర్నేటర్‌లో, దాని ఓల్టేజీని అదుపు చేసే ఏవీఆర్‌లో లేదా కెపాసిటర్‌లో ఉంది. హెర్ట్జ్, ఓల్టులు రెండూ కలిసి పడిపోతే ముందు ఇంజన్‌నే అనుమానించాలి. వేగం తగ్గితే ఓల్టేజీ ఎలాగూ తగ్గుతుంది కాబట్టి, అప్పుడు ఏవీఆర్ మార్చడం డబ్బు దండగ. 

ఇన్వర్టర్ రకం జనరేటర్లకు ఈ పరీక్ష పనికిరాదు. వాటిలో ఇంజన్ వేగం లోడును బట్టి మారుతూనే ఉంటుంది. 50 హెర్ట్జ్‌ను ఎలక్ట్రానిక్ సర్క్యూటే తయారుచేస్తుంది.

ఎక్కువగా వినిపించే ఫిర్యాదు మరొకటి: ఇంజన్ నడుస్తోంది, లోపల లైటు వెలగదు. ఇక్కడ ముందు చూడవలసినవి చాలా మామూలు విషయాలు. జనరేటర్ మీదే ఒక బ్రేకర్ ఉంటుంది, చాలామంది దాన్ని మరచిపోయి బండి లోపలి ఎంసీబీలనే చూస్తారు. బయటి కరెంటుకు, జనరేటర్‌కు మధ్య మార్చే చేంజోవర్ స్విచ్ ఆటోమేటిక్ అయితే, ఇంజన్ వేగం నిలకడపడేదాకా అది కావాలనే కొద్దిసేపు ఆగుతుంది. ఆ లోపే లోపం ఉందని తేల్చేయకూడదు. తర్వాత జనరేటర్ టెర్మినళ్ల దగ్గరే ఓల్టేజీ కొలవాలి. అక్కడ 230 ఉంటే జనరేటర్‌ది తప్పు కాదు, లోపం ఆ తర్వాతి వైరింగులో ఉంది. బిగువు తగ్గిన స్క్రూలు, కాలిన కనెక్టర్లు కుదుపుల్లో తిరిగే బండిలో సర్వసాధారణం.

టెర్మినళ్ల దగ్గర రెండు మూడు ఓల్టులే వస్తే అది ఆసక్తికరమైన ఆనవాలు. ఇలాంటి ఆల్టర్నేటర్లలో రోటర్ ఇనుములో కొద్దిపాటి అయస్కాంతత్వం ఎప్పుడూ మిగిలి ఉంటుంది. ఇంజన్ తిరగగానే ఆ కాస్త అయస్కాంతత్వం కొన్ని ఓల్టులు పుట్టిస్తుంది. ఆ ఓల్టులే రోటర్‌కు కరెంటు పంపి అయస్కాంతాన్ని బలపరుస్తాయి, ఓల్టేజీ అలా మెట్టుమెట్టుగా 230కి ఎక్కుతుంది. పొయ్యిలో మిగిలిన నిప్పును ఊది మంట చేసినట్టు. రెండు మూడు ఓల్టుల దగ్గరే ఆగిపోయిందంటే నిప్పు ఉంది కానీ ఊదే గొట్టం తెగిందని అర్థం: అరిగిన కార్బన్ బ్రష్‌లు, చెడిన కెపాసిటర్ లేదా ఏవీఆర్. అసలేమీ రాకపోతే తీగచుట్ట తెగి ఉండవచ్చు, లేదా నెలల తరబడి వాడక మిగులు అయస్కాంతత్వం పోయి ఉండవచ్చు. బ్యాటరీతో క్షణకాలం కరెంటు ఇచ్చి దాన్ని తిరిగి తెప్పించవచ్చు. కానీ ప్లస్, మైనస్ తారుమారైతే ఏవీఆర్ కాలిపోవచ్చు. ఈ పని ఎలక్ట్రీషియన్‌కే వదలడం మంచిది.

ఇంకొన్నిసార్లు ఏ లోపమూ ఉండదు, లెక్క తప్పుతుంది. 3.5 కేవీఏ జనరేటర్ 230 ఓల్టుల దగ్గర దాదాపు 15 ఆంపియర్లు ఇస్తుంది. 2 కిలోవాట్ల గీజర్ ఒక్కటే అందులో 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది. మామూలు ఏసీ నడుస్తున్నప్పుడు 7 ఆంపియర్లే తీసుకున్నా, కంప్రెసర్ కదిలే ఆ మొదటి క్షణంలో దానికి ఐదారు రెట్లు లాగుతుంది. గీజర్ వేసి ఉండగా ఏసీ స్టార్టయితే బ్రేకర్ ట్రిప్ కావడంలో ఆశ్చర్యం లేదు. ఇన్వర్టర్ ఏసీ నెమ్మదిగా వేగం అందుకుంటుంది కాబట్టి ఆ కుదుపు ఉండదు.

ఎత్తు ప్రభావం కూడా తక్కువది కాదు. సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్‌లో గాలి పీడనం సముద్రమట్టం కంటే మూడోవంతు తక్కువ. టర్బో లేని ఇంజన్ శక్తి కూడా దాదాపు అంతే తగ్గుతుంది. హైదరాబాదులో ఏసీని సునాయాసంగా మోసిన జనరేటర్ అక్కడ ఫ్రిజ్‌కూ అవెన్‌కూ కలిపి ఆయాసపడవచ్చు. కొండదారిలో బండిని ఏటవాలుగా ఆపితే ఇంజన్ ఆయిల్ ఒక పక్కకు చేరి, ఆయిల్ తక్కువైందనుకుని సెన్సర్ ఇంజన్‌ను ఆపేస్తుంది. బండి ట్యాంకు నుంచే ఇంధనం తీసుకునే జనరేటర్లలో ఇంకో చమత్కారం ఉంది. వాటి గొట్టాన్ని చాలా బండ్లలో ట్యాంకు అడుగుదాకా దించరు. ట్యాంకులో సుమారు పావువంతు మిగలగానే జనరేటర్ ఆగిపోతుంది. రాత్రంతా ఏసీ నడిపినా, ఉదయం బంకు దాకా వెళ్లడానికి ఇంధనం ఉండాలనే ఈ ఏర్పాటు.

వీటన్నిటికంటే ప్రమాదకరమైన లోపం మీటరుకు కనిపించదు. 2024 డిసెంబరులో కేరళలోని వడకర వద్ద రోడ్డు పక్కన ఆగి ఉన్న కారవాన్‌లో ఇద్దరు చనిపోయి కనిపించారు. ఏసీ కోసం నడిపిన జనరేటర్ నుంచి వెలువడిన కార్బన్ మోనాక్సైడ్ బండి అడుగున ఉన్న రంధ్రం గుండా లోపలికి చేరిందని కోళికోడ్ ఎన్‌ఐటీ నిపుణులు పాల్గొన్న పరీక్షల్లో తేలింది. జనరేటర్ అప్పుడు కరెంటు బాగానే ఇచ్చి ఉంటుంది.

కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, తల తిరగడం దాని తొలి లక్షణాలు. నిద్రలో ఉన్నవారికి అవి తెలియవు. గాలి చాలక నల్లటి పొగ వదిలే పెట్రోల్ ఇంజన్ ఈ వాయువును ఇంకా ఎక్కువగా విడుదల చేస్తుంది. అందువల్ల ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేయడం ప్రాణరక్షణ పని కూడా. వైర్లు, పైపుల కోసం బండి అడుగున చేసిన ప్రతి రంధ్రాన్నీ మూయాలి. పొగగొట్టం చివర బండి అంచు దాటి బయటికి ఉండాలి, గోడకు దగ్గరగా ఆపితే పొగ వెనక్కి తిరుగుతుంది. నిద్రపోయేటప్పుడు జనరేటర్ ఆపేయడమే మేలు.

ఎవరికైనా లక్షణాలు కనిపిస్తే ముందు అందరినీ బయటి గాలిలోకి తేవాలి, తర్వాతే ఇంజన్ సంగతి చూడాలి. వేలికి పెట్టే మామూలు పల్స్ ఆక్సీమీటర్‌ను ఇక్కడ నమ్మకూడదు. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌ను కూడా అది ఆక్సిజన్‌తో ఉన్నదిగానే లెక్కిస్తుంది, 98 శాతం అని చూపిస్తుంది. బండి లోపల కార్బన్ మోనాక్సైడ్ అలారం బిగించుకోవాలి. దాని మీది టెస్ట్ బటన్ మోతను, సర్క్యూట్‌ను మాత్రమే పరీక్షిస్తుంది. లోపలి సెన్సర్‌కు కొన్నేళ్ల ఆయుష్షే ఉంటుంది, మార్చవలసిన సంవత్సరం అలారం వెనుక ముద్రించి ఉంటుంది.