గ్వాడెలూపు ద్వీపము: కూలి ఒప్పందమునుండి పౌరహక్కు వరకు



వలస వెళ్లినవారి చరిత్రలో నేటాలు, మారిషస్, బర్మాల పేర్లు మనము తరచుగా విందుము. గ్వాడెలూపు పేరు అంతగా వినము. ఈ పాఠములో దానిని గూర్చి తెలిసికొందము.

ఇది కరీబియన్ సముద్రములోనిది. రెండు పెద్ద దీవులు సీతాకోకచిలుక రెక్కలవలె ఆనుకొనియున్నవి. 1493లో కొలంబసు ఇక్కడికి వచ్చెను. 1635లో ఫ్రెంచివారు దీనిని ఆక్రమించి, తరువాత ఆఫ్రికా బానిసలచేత చెరకు పండించిరి. 1794లో రద్దయిన బానిసత్వమును 1802లో నెపోలియన్ ప్రభుత్వము మరల నిలిపెను. 1848లో అది పూర్తిగా తొలగిపోయెను.

విడుదల పొందినవారిలో అనేకులు తోటలు విడువగా, యజమానులు మన దేశమువైపు చూచిరి. 1854లో, క్రిస్మసుకు ముందురోజున, ఒరేలీ అను ఓడ మొదటి భారతీయ కూలీలను అక్కడ చేర్చెను. 1889 నాటికి సుమారు 42,000 మంది వెళ్లిరి. పుదుచ్చేరి, కారైకాలు ముఖ్యమైన రేవులు. వెళ్లినవారిలో తమిళులు ఎక్కువ, తెలుగువారును ఉండిరి. ఒప్పందము ఐదు సంవత్సరములకే. అయినను తిరిగి వచ్చినవారు పదివేలలోపే. వేలమంది అక్కడనే మరణించిరి.

మిగిలినవారి పిల్లలు ఆ నేలమీదనే పుట్టినను, వారు ఫ్రెంచి పౌరులు కారను వాదము లేచెను. భారతీయ వలసవారి కుమారుడైన ఆన్రీ సిదంబరోం 1904లో వారి ఓటు హక్కుకై పోరాటము ఆరంభించెను. 1923లో గాని అది ఫలించలేదు. 1946లో గ్వాడెలూపు ఫ్రాన్సులో ఒక విభాగమయ్యెను. నేటికిని అట్లే ఉన్నది.

ఇశ్రాయేలీయులు ఐగుప్తులో పరదేశులైయుండిరి. అందుచేతనే పరదేశిని బాధింపకూడదని వారికి ఆజ్ఞ ఇయ్యబడెను. బోడినాయకనూరునుండి కొండ ఎక్కి కేరళ ఏలకుల తోటలకు వెళ్లు మనకు ఇందులో రెండు పాఠములున్నవి. మొదటిది, కూలి ఎంత, గడువు ఎంత అని చదివించుకొననిదే వేలిముద్ర వేయరాదు. పిల్లల పుట్టుక నమోదును, ఓటరు జాబితాలో పేరును అశ్రద్ధ చేయరాదు. చదువు వచ్చినవారు రానివారికి ఇందులో తోడ్పడుటయు సంఘసేవయే. రెండవది, జార్ఖండు మొదలగు ఉత్తరాది ప్రాంతములనుండి అవే తోటలకు వచ్చు కూలీలు నేడు మనకు పరదేశులు. వారు మన కూలిని చెరుపువారని సణుగుకొనక, మన పొరుగువారని ఎంచుదము.

ఆలోచించుటకు:
1. ఐదేండ్ల ఒప్పందముతో వెళ్లినవారి పిల్లలు ఓటుకై 1923 వరకు ఎందుకు వేచియుండవలసి వచ్చెను?
2. మన సంఘములో ఏ కుటుంబమునకు కాగితముల విషయమై సహాయము కావలెను?