కుందేలు వేట: లైటు, కుక్క, కరెంటు తీగ

‘తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు’ అనే సామెత మనందరికీ తెలిసిందే. మొండిగా వాదించేవాళ్లను అలా అంటాం. కానీ రాత్రి వేటకు వెళ్లినవాడెవడూ కుందేలు కాళ్ల లెక్కలో పొరపడడు. దాని బతుకంతా ఆ వెనక కాళ్లలోనే ఉంది.

సెలవులు దగ్గరపడేకొద్దీ హాస్టలు గదుల్లో పుస్తకాల మాట తగ్గి, వేట మాట పెరుగుతుంది. ఎవరి ఊళ్లో మంచి కుక్కలున్నాయి, ఎవరి లైటు ఎంత దూరం కొడుతుంది అనే లెక్కలు నడుస్తాయి. జంతుశాస్త్రం చదువుకుంటున్న మేము ఆ వేటనే ఒక పాఠంలాగా విప్పి చూద్దామనుకున్నాం. వేటగాడి నేర్పు, కుందేలు నేర్పు చెప్పి, ఈ ఇద్దరి మధ్యకూ వచ్చిపడిన కరెంటు తీగ గురించి కూడా చెప్పాలన్నది మా ఉద్దేశం. అసలు ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ తీగే.

మన చేలల్లో తిరిగే కుందేలు శాస్త్రీయ నామం లెపస్ నైగ్రికోలిస్. మెడ వెనక నల్లటి మచ్చ ఉండటం వల్ల ఆ పేరు వచ్చింది. చాలా ఊళ్లలో దీన్నే చెవులపిల్లి అంటారు. ఇళ్లలో, ఫారాల్లో పెంచే తెల్ల కుందేలు వేరు. అది బొరియ తవ్వే జాతికి చెందింది. దాని పిల్లలు కళ్లు తెరవకుండా, ఒంటి మీద బొచ్చు లేకుండా పుడతాయి. చెవులపిల్లి బొరియ తవ్వదు. గడ్డిలోనో పొద కిందనో తన ఒళ్లు పట్టేంత పల్లం చేసుకుని పగలంతా అందులో అణిగి ఉంటుంది. దాని పిల్లలు ఒంటినిండా బొచ్చుతో, కళ్లు తెరుచుకునే పుడతాయి. దాక్కోవడానికి ఇల్లు లేని ప్రాణి కాబట్టి దానికి రెండే ఉపాయాలు. కదలకుండా ఉండటం ఒకటి, కదిలితే ఎవరికీ అందకుండా పోవడం మరొకటి. రాత్రి వేట మొత్తం ఈ రెండు గుణాల మీదే నడుస్తుంది.

ముందు లైటు సంగతి చూద్దాం. కుందేలు కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. తల తిప్పకుండానే దాదాపు చుట్టూ చూడగలదు. సరిగ్గా ముక్కు ముందు మాత్రం కొంచెం మేర కనపడదు. మనం పదో తరగతిలో దండాలు, శంకువులు అని చదువుకున్నాం కదా. మసక వెలుతురులో చూపు దండాలది. వాటిలోని రొడాప్సిన్ అనే పదార్థం గట్టి వెలుతురు పడగానే విచ్ఛిన్నమవుతుంది, మళ్లీ తయారు కావడానికి సమయం పడుతుంది. చీకటికి అలవాటు పడిన కంటి మీద ఒక్కసారిగా లైటు పడితే ఆ వెలుగు తప్ప చుట్టూ ఏమీ తెలియదు. అప్పుడు కుందేలు తన మొదటి ఉపాయాన్ని వాడుతుంది. చెవులు వీపుకు ఆనించి నేలకు అతుక్కుపోతుంది. పగలైతే నక్క నుంచీ గద్ద నుంచీ కాపాడే గుణమే రాత్రి లైటు ముందు దానికి ఎసరు పెడుతుంది.

కళ్ల మెరుపులో కూడా ఒక పాఠం ఉంది. కుక్క, పిల్లి, పశువుల కళ్లలో రెటీనా వెనక టపీటం అనే అద్దంలాంటి పొర ఉంటుంది. అందుకే అవి పచ్చగానో నీలంగానో మెరుస్తాయి. కుందేలుకు ఆ పొర లేదు, మెరుపు ఎర్రగా ఉంటుంది. అనుభవం ఉన్నవాడు దూరం నుంచి ఆ రంగు చూసే అది మేకదా, నక్కదా, చెవులపిల్లిదా చెప్పేస్తాడు. బడి ముఖం చూడని పెద్దలకు ఈ తేడా తెలుసు. మాకు అది పీజీలోకి వచ్చాకే అర్థమైంది.

ఇక కుక్కలు. వాసన పట్టి వెతికే కుక్కలు వేరు, కంటితో చూసి తరిమేవి వేరు. కర్ణాటకలోని ముధోల్ పేరు మీద ఉన్న ముధోల్ హౌండ్, తమిళనాడు చిప్పిపారై రెండో రకం. సన్నని నడుము, లోతైన ఛాతీ, పొడవాటి మూతి వీటి లక్షణాలు. 2005లో తపాలా శాఖ దేశవాళీ కుక్కల మీద స్టాంపులు విడుదల చేసినప్పుడు ముధోల్ హౌండ్‌కూ అందులో చోటు దక్కింది. కంటితో తరిమే కుక్కకు చీకట్లో కన్ను లేనట్టే. లైటు పట్టినవాడే దాని కన్ను. వేటలోని కష్టమంతా ఇక్కడే ఉంది. కుందేలు తిన్నగా పరుగెత్తదు. కుక్క మూతి దగ్గరకు వచ్చేదాకా ఉండి చటుక్కున పక్కకు తిరుగుతుంది. బరువైన కుక్క ఆ ఊపులో నాలుగు గజాలు ముందుకు పోతుంది. లైటు పట్టినవాడు గట్లూ గుంతలూ దాటుతూ ఆ మలుపును వెంటనే అందుకోవాలి. లైటు తప్పితే కుక్క ఆగిపోతుంది. కుందేలు గుట్ట ఎక్కితే వెనక కాళ్ల పొడవు దానికే లాభం. ముళ్లకంచెలో దూరితే ఆ రాత్రికి ఆట ముగిసినట్టే. వెన్నెల రోజుల్లో అది మనల్ని ముందే చూస్తుంది కాబట్టి అమావాస్య దగ్గరి రాత్రులే ఎంచుకుంటారు. మేము విన్నంతలో వట్టి చేతులతో తిరిగి వచ్చే రాత్రులే ఎక్కువ. ఆ రాత్రుల గురించి మర్నాడు రచ్చబండ దగ్గర ఎవరూ నోరెత్తరు!

వేట మన సంస్కృతిలోనే ఉంది కదా అని కొందరు వాదిస్తారు. నిజమే. కనుమనాడు తిరుమలలో పారువేట ఉత్సవం జరుగుతుంది. 1336లో విజయనగరం వెలిసిన కథలో హరిహర బుక్కరాయల వేటకుక్కలను ఒక కుందేలు ఎదురుతిరిగి తరిమిందని చెబుతారు. అయితే పండుగనాటి పారువేట పట్టపగలు, ఊరంతా చూస్తుండగా జరిగే వేడుక. అమావాస్య రాత్రి నలుగురు కుర్రాళ్లు ఎవరికీ చెప్పకుండా పోయే పనికి దానితో పోలిక పెట్టడం మాకు సరిగా తోచదు.

ఇప్పుడు తీగ దగ్గరకు వద్దాం. ఎండాకాలంలో బీడంతా మాడిపోతుంది. పచ్చగా ఉండేది బోరు కింద వేసిన వేరుశనగ, పుచ్చ, కూరగాయల మళ్లే. చెవులపిల్లి మేతకు అక్కడికే వస్తుంది. అడవిపందులూ అక్కడికే వస్తాయి. పందుల బాధ పడలేక కొందరు రైతులు రాత్రిపూట చేను చుట్టూ తొడుగు లేని తీగ కట్టి నేరుగా కరెంటు ఇస్తున్నారు. అంటే కుందేలు ఎక్కడ దొరుకుతుందో తీగ కూడా అక్కడే ఉంటుంది.

ఓమ్ నియమంతో చిన్న లెక్క వేద్దాం. సింగిల్ ఫేజు 230 వోల్టులు. చెమటతో, మడిలోని తడితో ఉన్న ఒంటి నిరోధం సుమారు 1000 ఓమ్‌లు అనుకుందాం. భాగిస్తే 0.23 ఆంపియర్లు, అంటే 230 మిల్లీ ఆంపియర్లు. సుమారు 100 మిల్లీ ఆంపియర్లు ఛాతీ గుండా పోతేనే గుండె లయ తప్పి వణకడం మొదలవుతుంది. ‘ఫ్యూజు ఎగిరిపోతుందిలే’ అని తమ్ముళ్లు అంటుంటారు. ఎగరదు. చాలా ఆంపియర్లు లాగే మోటారు కోసం వేసిన ఫ్యూజుకు పావు ఆంపియరు ఒక లెక్క కాదు. మనిషి పోయినా ఫ్యూజు అలాగే ఉంటుంది.

దీనికి తోడు లైటు మన కళ్లను కూడా కుందేలు కళ్లలాగే చేస్తుంది. మన దండాలు చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. నెత్తికి లైటు కట్టుకున్నవాడికి ఆ వెలుగు పడినంత మేరే లోకం. చూపు కుందేలు మీద, పరుగు కుక్క వెనక. పిక్క ఎత్తులో ఉన్న సన్నని తీగ కనపడే అవకాశమే లేదు. ముందు కుక్కకు తగులుతుంది. అది కొట్టుకుంటుంటే ప్రేమకొద్దీ పెంచినవాడు పోయి పట్టుకుంటాడు. వాణ్ణి లాగబోయి రెండోవాడు. ఇద్దరు ముగ్గురు ఒకే చోట పడిపోవడం ఇలాగే జరుగుతుంది. తీగ కట్టిన రైతు కూడా జైలుకు పోతాడు. అతనూ చాలాసార్లు మన నాన్నల్లాగే కౌలుకు చేసుకునేవాడే. చేను కాపాడుకోవడానికి సోలార్ కంచె ఉంది. అది కరెంటును ఎడతెగకుండా ఇవ్వదు, సెకనులో చిన్న భాగం పాటు ఝట్కా కొట్టి వదులుతుంది. జంతువు బెదిరిపోతుంది గానీ చావదు. ఈ సంగతి ఊళ్లో చెప్పవలసింది చదువుకున్న మనమే.

ఒరలేని పాత బావులు, చీకట్లో తిరిగే రక్తపింజర, కట్లపాముల గురించి మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు.

చట్టం గురించి కూడా తెలుసుకోవాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట అంటే చంపడం ఒక్కటే కాదు. తరమడం, ఉచ్చు వేయడం, అందుకు ప్రయత్నించడం కూడా వేటే. కుందేలు దొరకలేదు కాబట్టి కేసు లేదనడానికి వీల్లేదు. 2022 సవరణ తర్వాత ఇలాంటి నేరానికి మూడేళ్ల వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడవచ్చు. వాడిన బైకు కూడా పోతుంది. మనలో ఎక్కువమంది కానిస్టేబులుకో గ్రూప్స్‌కో చదువుతున్నవాళ్లం. ఉద్యోగం వచ్చాక నింపే అటెస్టేషన్ ఫారంలో కేసుల వివరాలు అడుగుతారు. రాస్తే చిక్కు, దాస్తే ఇంకా పెద్ద చిక్కు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ దాచిపెట్టడం గురించే వివరంగా చెప్పింది. ఇంట్లో మొదటి ఉద్యోగం కోసం ఎదురుచూసే అమ్మానాన్నలకు రెండు కిలోల మాంసం ఏ మూలకు?

ఇంత చెప్పినా ఈ సెలవుల్లో ఎక్కడో ఎవరో వెళ్తారని మాకు తెలుసు. వేటకే కాదు, రాత్రి నీళ్లు కట్టడానికి వెళ్లినవాళ్లకూ తీగ తగలవచ్చు. కాబట్టి ఇది అందరూ గుర్తుపెట్టుకోండి. పడినవాణ్ణి ముట్టుకోవద్దు. స్టార్టరు పెట్టె దగ్గరకు పోయి మెయిన్ ఆపాలి. అది ఎక్కడుందో తెలియకపోతే 1912కు ఫోన్ చేసి లైను ఆపమనాలి. పెద్ద లైను నుంచి కొక్కెం వేశారనిపిస్తే దగ్గరకే పోవద్దు. కరెంటు పోయిందని తేలాక చూడాలి. ఊపిరి లేకపోతే 108కి చెప్పి, ఛాతీ మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్ల లోతు పోయేలా నొక్కాలి. రెండు నిమిషాలకొకసారి మనిషి మారాలి. కేసు భయంతో స్నేహితుణ్ణి చేలో వదిలి పరుగెత్తిన సంగతులు విన్నాం. పారిపోకండి. అంబులెన్సు చేను దాకా రాలేదు కాబట్టి ఒకరు ఆ లైటు పట్టుకుని రోడ్డు మీద నిలబడండి.