ఉద్యోగంతో పాటు ఉత్సాహమూ పోయింది!

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం పోయి ఎనిమిది నెలలైంది. మొదట్లో రోజూ దరఖాస్తులు పెట్టేవాణ్ని. ఇప్పుడు ల్యాప్‌టాప్ తెరవాలన్నా విసుగు. మధ్యాహ్నం దాకా మంచం దిగడం లేదు. బద్ధకస్తుణ్ని అయిపోయానా?
- ఓ పాఠకుడు

జవాబు: ఇది బద్ధకం కాదండీ. ఎన్నిసార్లు ప్రయత్నించినా ఫలితం లేకపోతే, ప్రయత్నమే దండగని మనసు తీర్మానించుకుంటుంది. పైగా ఉద్యోగం జీతమే కాదు, రోజుకు ఓ వేళాపాళా, నలుగురితో మాటా కూడా ఇస్తుంది. 1930ల మొదట్లో ఆస్ట్రియాలోని మరియెంతాల్‌లో జౌళి మిల్లు మూతపడ్డాక మనస్తత్వవేత్త మారీ యహోదా బృందం ఆ ఊరివాళ్లను పరిశీలించింది. బోలెడు తీరిక దొరికినా గ్రంథాలయం నుంచి పుస్తకాలు తీసుకెళ్లడం తగ్గింది. మగవాళ్ల నడక కూడా నెమ్మదించింది!

ఉత్సాహం వచ్చాక లేద్దామనుకోకండి. పని మొదలెడితేనే అది వెనకాల వస్తుంది. ముందు నిద్ర లేచే వేళ ఖాయం చేసుకోండి. స్నానం చేసి, బయటికెళ్లి టీ తాగి రండి. దరఖాస్తులకు రోజూ రెండు గంటలు చాలు. ఉద్యోగం రావడం మీ చేతిలో లేదు; ఈ వారం ఇద్దరు పాత సహోద్యోగులకు ఫోన్ చేయడం మాత్రం మీ చేతిలోనే ఉంది. ‘ఇప్పుడేం చేస్తున్నావ్?’ అని అడుగుతారని పెళ్లిళ్లకూ వెళ్లడం మానేసి ఉంటారు. వెళ్లండి. ‘వెతుక్కుంటున్నాను, ఏదైనా ఉంటే చెప్పండి’ అనేయండి. ఒక్కోసారి కబురు అక్కడే అందుతుంది.

రెండు వారాలకు పైగా నిద్ర, ఆకలి దెబ్బతిన్నా, దేనిమీదా ఆసక్తి లేకున్నా మానసిక వైద్యుణ్ని కలవండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఆగొద్దు. వెంటనే ఇంట్లోవాళ్లకు చెప్పి, టెలీ మానస్ సహాయవాణి 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.