కాలిన కెపాసిటర్ ఎవరి సరుకు?

యాసంగిలో మిరుదొడ్డి చుట్టుపక్కల బోరు మోటర్లు జోరుగా నడిచే రోజుల్లో వైండింగ్ షాపులకు కాలిన కెపాసిటర్లు వాపసొస్తుంటాయి. "ఫలానా డీలర్ సరుకే నాసి" అని తేల్చేయడం తేలిక. డీలర్‌ను మార్చేముందు ఒకసారి లెక్క చూడండి.

సీజన్లో ముగ్గురి దగ్గర 120, 60, 20 చొప్పున మొత్తం 200 కెపాసిటర్లు కొన్నారనుకుందాం. వాపసొచ్చినవి వరుసగా 6, 3, 4. వాపసొచ్చిన కుప్పలో ఎక్కువ మొదటి డీలర్‌వే. కానీ ఆయన సరుకులో చెడింది నూటికి 5. రెండో ఆయనదీ అంతే. మూడో ఆయనది నూటికి 20.

ఇందులో రెండు ప్రశ్నలున్నాయి, మనం వాటిని కలిపేస్తాం. ఈ డీలర్ సరుకులో ఎంత చెడ్డది? ఇది కొనేటప్పుడు అడగాల్సింది. మూడో డీలర్ దగ్గర కొనడం తగ్గించాలని చెబుతుంది. చేతిలో ఉన్న ఈ చెడ్డ పీసు ఎవరిది? ఇది వారంటీ కోసం అడగాల్సింది. డీలర్ గుర్తు చెరిగిపోయిన పీసు మొదటి డీలర్‌దయ్యే అవకాశం 13లో 6, అంటే నూటికి 46. మూడో ఆయనదయ్యేది 31. కాబట్టి ముందు మొదటి డీలర్ బిల్లులే వెతకాలి. ఇంటర్ రెండో ఏడాది లెక్కల్లో బట్టీపట్టి వదిలేసిన బేయ్స్ సిద్ధాంతం ఇదే. బేయ్స్ పోయిన రెండేళ్లకు, 1763లో అచ్చయింది.

తొందర మాత్రం వద్దు. నూటికి 5 చెడే మంచి సరుకులోనూ 20 పీసుల్లో రెండో, అంతకన్నా ఎక్కువో పోవడం నాలుగుసార్లకు ఒకసారి జరిగేదే. నాలుగు పోవడం నూటికి రెండుసార్లు కూడా జరగదు. అందుకే రెండు పోతే ఊరుకోండి, నాలుగు పోతే అనుమానించండి.

అప్పుడు కూడా ఆ నాలుగూ ఎక్కడ బిగించారో చూడాలి. అన్నీ ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉంటే తప్పు వోల్టేజీది కావచ్చు. డీలర్‌తో గొడవ పెట్టుకున్నాక ఈ సంగతి తెలిస్తే లాభం లేదు.

ఇదంతా జరగాలంటే సరుకు దిగిన రోజే ప్రతి పీసు మీద డీలర్ గుర్తు, నెల చెరగని మార్కర్‌తో రాయండి. నోట్‌బుక్‌లో కొన్నవి, వాపసొచ్చినవి, ఏ ట్రాన్స్‌ఫార్మర్ కిందో రాసుకోండి. వచ్చే లోడు నుంచే మొదలుపెట్టండి.